లాటిన్ నుదురు, తెలుగు లిపి: ఒక గోడ మ్యాపు డైరీ

జూన్, మొదలు

ఈసారి గోడ మ్యాపుకి తీసుకున్న మాట నుదురు. లాటిన్‌లో ఫ్రోన్స్. ఆ భాష నుంచి పుట్టిన ఇటాలియన్, ఫ్రెంచ్, స్పానిష్, పోర్చుగీస్, కటలాన్, రొమేనియన్ వగైరాల్లో ఆ మాట ఇప్పుడు ఏ రూపంలో ఉంది, ఏ పని చేసుకుంటోంది అన్నది ఒకే పెద్ద కాగితం మీద చూపించాలి. అదీ మొత్తం తెలుగు అక్షరాల్లో. మా కాలనీ లైబ్రరీలో వారాంతాల్లో స్పానిష్, ఫ్రెంచ్ నేర్చుకునే కుర్రాళ్లున్నారు. వాళ్లు కూర్చునే గది గోడకి ఇది.

ఈ భాషల గుంపుకి అసలు పేరు రొమాన్స్ భాషలు. రోమ్ నుంచి వచ్చిన పేరు, ప్రేమతో పనిలేదు. ఆ మాట శీర్షికలో పెడితే కుర్రాళ్లు ఇక కింద ఏమీ చదవరు. అందుకని ‘లాటిన్ కుటుంబం’ అని రాస్తున్నా.

నీళ్లు, చెయ్యి, కన్ను వంటి మాటలతో ఇలాంటి మ్యాపులు నెట్‌లో బోలెడు. నుదురు ఎందుకంటే, ఇది పైకి చాలా బుద్ధిమంతురాలిలా కనిపిస్తుంది. ఎక్కడ చూసినా ఫ్ర తో మొదలై మధ్యలో సున్నతో ఉంటుంది. కానీ దగ్గరికి వెళ్తే ఒకచోట ఒంటి మీద ఉంది, ఒకచోట యుద్ధరంగంలో ఉంది, ఇంకోచోట దాని కుర్చీలో వేరేవాళ్లు కూర్చున్నారు. రూపాన్ని బట్టి రంగులేస్తే మ్యాపంతా ఒకే రంగు. అర్థాన్ని బట్టి వేస్తేనే చూడాల్సిందేదో బయటపడుతుంది. కాబట్టి మొదటి రోజే పెట్టుకున్న నియమం: డాక్టరు దగ్గర కూర్చుని మనిషి తన నుదురు ముట్టుకుని ఏ మాట అంటాడో, చుక్క రంగు దాన్ని బట్టే.

జూన్, పట్టిక పని

స్ప్రెడ్‌షీట్ తయారైంది. ఊరు, అక్షాంశం, రేఖాంశం, మాట, లింగం, ‘ఒంటి మీద అర్థం’, ‘ఒంటి బయట అర్థం’. లిస్బన్, స్పెయిన్ గలీసియాలోని శాంతియాగో, మాడ్రిడ్, బార్సిలోనా, వాలెన్సియా, పారిస్, స్విట్జర్లాండ్‌లో రొమాన్ష్ మాట్లాడే ఖూర్ వైపు, ఊదినె, రోమ్, పాలెర్మో, సార్డీనియా ఉత్తరం, దక్షిణం, బుకారెస్ట్. బ్రెజిల్ ఈ కాగితంలో పట్టదు, మూలన చిన్న పెట్టె కట్టాలి.

లాటిన్ ఫ్రోన్స్ కర్తగా ఉన్నప్పటి రూపం. పిల్లభాషలకి వచ్చింది మాత్రం కర్మరూపం ఫ్రొంతెమ్ నుంచి. చివరి మ్ ఎప్పుడో రాలిపోయింది, ఫ్రొంతె మిగిలింది. ఇటాలియన్‌లో ఇప్పటికీ అచ్చంగా అదే.

ఒక మాటని ఒంటరిగా చూస్తే అది సక్రమంగా మారిందో, ఎక్కడో పక్కదారి పట్టిందో తేలదు. దానికి తోడుగా అదే అచ్చులో పోసిన మాటలు కావాలి. లాటిన్‌లో అవి రెడీగా ఉన్నాయి: పొంతెమ్ అంటే వంతెన, మొంతెమ్ అంటే కొండ, ఫొంతెమ్ అంటే ఊట. ఈ మూడింటి పక్కన ఫ్రొంతెమ్‌ని నిలబెట్టా.

ఇటలీలో పొంతె, మొంతె, ఫొంతె, ఫ్రొంతె. ఏ గొడవా లేదు. రొమేనియాలో ‘న్’ ముందున్న ఒకారం ఉకారం అయింది: పుంతె, ముంతె, ఫ్రుంతె. (పుంతె అక్కడ కాలిబాట వంతెన. మన గోదావరి పుంతకీ, ముంతకీ వీటితో చుట్టరికం లేదు, కుర్రాళ్లు అడక్కముందే మ్యాపు అంచున రాసేస్తా.) ఫ్రాన్సులో చివరి అక్షరాలన్నీ నోట్లోనే కరిగిపోయి పోఁ, మోఁ, ఫ్రోఁ. కాగితం మీద చివర తకారం రాస్తారు, పలకరు.

స్పెయిన్ దగ్గర ఆగాల్సి వచ్చింది. అక్కడ పొంతెమ్ ప్వెంతె అయింది, ఫొంతెమ్ ఫ్వెంతె అయింది. ఆ లెక్కన నుదురు ఫ్ర్వెంతె అవ్వాలి. ఇప్పుడున్నది ఫ్రెంతె. మధ్యలో వకారం ఏమైంది? పాత స్పానిష్‌లో నిజంగానే ఫ్ర్వెంతె ఉంది. రకారమో లకారమో వచ్చిన వెంటనే వకారం కూడా వచ్చేసరికి నోరు తిరగలేదు, జనం వకారాన్ని వదిలేశారు. ఇదొక్కటే కాదు. పాముని కులెబ్ర అంటారు, అంతకుముందు కుల్వెబ్ర. బట్టల అంచున వేలాడే కుచ్చుని ఫ్లెకొ అంటారు, అంతకుముందు ఫ్ల్వెకొ. మూడూ ఒకే చోట ఒకే అక్షరాన్ని జారవిడిచాయి. తెలుగులో రాస్తే ఈ సంగతి కంటికే తెలుస్తుంది. ఫ్ర కింద ఇంకో వ వత్తు ఇరికించి చూడండి, రాయడానికే చెయ్యి తిరగదు.

మొంతె మాత్రం స్పెయిన్‌లో కూడా మొంతెగానే ఉండిపోయింది. ఆ గడిని పట్టికలో ఎర్రగా వదిలేశా, అదో వేరే కథ.

జూన్ చివర, ఆకు గొడవ

లాటిన్‌లో ఫ్రోన్స్ అనే మాటలు రెండు. ఒకటి నుదురు, రెండోది ఆకులు, చెట్టు కొమ్మల గుబురు. కర్తరూపంలో తేడా లేదు. కర్మలోకి వెళ్తే నుదురు ఫ్రొంతెమ్, ఆకు ఫ్రొందెమ్. తకారానికీ దకారానికీ ఉన్నంతే దూరం.

ఈ కవల పిల్లలిద్దరినీ ఇప్పటికీ రోజువారీ మాటల్లో పక్కపక్కనే పెట్టుకున్నది రొమేనియా. నుదురు ఫ్రుంతె, ఆకు ఫ్రున్‌జ. అక్కడి జానపద పాటలు చాలావాటికి ఎత్తుగడే ‘ఫ్రున్‌జ వేర్దె’, అంటే పచ్చనాకు. పాట విషయం ప్రేమైనా, సైన్యంలోకి పోవడమైనా, ముందు ఓ పచ్చనాకుని పిలిచాకే మొదలు. బుకారెస్ట్ చుక్క పక్కన చిన్న ఆకు బొమ్మ గీశా. అలంకారం కాదు, ఆ రెండో ఫ్రోన్స్‌కి గుర్తు.

జూలై, లిపి తగాదా

మ్యాపులో ఇంగ్లీషు అక్షరం ఒక్కటీ ఉండకూడదని పెట్టుకున్నాక, ఏ శబ్దాన్ని ఎలా రాయాలన్నది పెద్ద పనైంది. ఇష్టంగా చేసిన పని కూడా ఇదే.

మొదటిది తకారం. మనకి ఇంగ్లీషు మీదుగా వచ్చిన ‘ఫ్రంట్’లో ట ఉంది. ఇంగ్లీషువాళ్ల టి మన చెవికి ట లాగే వినపడుతుంది కాబట్టి అలా రాసుకున్నాం. కానీ ఇటాలియన్, స్పానిష్, రొమేనియన్ వాళ్లు నాలుకని పళ్లకి ఆనించి పలుకుతారు. అది మన త. ఫ్రొంటె అని రాస్తే ఇటలీవాడు ఇంగ్లీషు యాసలో మాట్లాడినట్టుంటుంది, ఫ్రొంతె అని రాస్తే వాడి నోరు కనిపిస్తుంది. అన్ని చోట్లా త ఖాయం.

రెండోది హ్రస్వం. ఎ, ఒ లకి పొట్టి, పొడుగు రెండూ ఉన్న లిపి మనది. హిందీ మిత్రుడొకడు ఇదే మ్యాపు నాగరిలో చేద్దామని కూర్చుని, మామూలు నాగరిలో పొట్టి ఎ, ఒ లకి చోటు లేక తల పట్టుకున్నాడు. మనకి ఆ బాధ లేదు.

మూడోది ఫ్రెంచి ముక్కుపలుకు. అక్కడ అచ్చే ముక్కులోంచి వస్తుంది. దాని వెనక విడిగా ‘న్’ లేదు. ఫ్రోన్ అని రాస్తే తప్పు, ఫ్రో అని వదిలేసినా తప్పే. సరిగ్గా ఇలాంటి పనికోసమే మనకో గుర్తు ఉంది, వాడక దుమ్ముపట్టి ఉంది: అరసున్న. పద్యాల పుస్తకాల్లో తప్ప ఎక్కడా కనపడని ఆ ముక్కని తెచ్చి ఫ్రోఁ అని రాస్తే, చదివినవాడు తనంతట తనే ముక్కుతో పలుకుతాడు. పోర్చుగీసుకి కూడా పనికొచ్చింది. ఫోన్ కీబోర్డులో అది ఏ మీట కింద దాక్కుందో వెతుక్కోవాలి, అంతే ఇబ్బంది. ఇన్నాళ్లకి అరసున్నకి ఓ ఉద్యోగం దొరికిందని తెలుగు మాస్టారొకరు సంబరపడ్డారు.

కటలాన్‌లో బార్సిలోనా వాళ్లు చివరి తకారం మింగేసి ఫ్రొన్ అంటారు, వాలెన్సియా వాళ్లు ఫ్రొంత్ అని పూర్తిగా పలుకుతారు. అందుకే ఒకే భాషకి రెండు చుక్కలు. సార్డీనియాలోనూ అంతే, ఉత్తరాన ఫ్రొంతె, దక్షిణాన ఫ్రొంతి. సిసిలీ ఫ్రుంతి, రొమాన్ష్ ఫ్రుంత్. ఇటలీ ఈశాన్య మూలన ఊదినె చుట్టుపక్కల ఫ్రియులాన్ భాషలో మాత్రం చెర్నేలి అనే వేరే మాట నడుస్తుంది. అక్కడ బూడిద రంగు చుక్క.

జూలై, పాత అట్లాసులు

మ్యాపు మీద మాటలు ఎలా పరచాలో నేర్చుకోడానికి రెండు పాత అట్లాసుల స్కాన్లు తిరగేశా. ఒకటి ఫ్రాన్సుది. 1897 నుంచి 1901 దాకా ఎడ్మోఁ ఎడ్మోఁ (పేరూ ఇంటిపేరూ ఒకేలా పలుకుతారు) అనే ఆయన 639 ఊళ్లు తిరిగి ఒకే ప్రశ్నల జాబితా అడిగి, విన్నది విన్నట్టు రాసుకొచ్చాడు. వృత్తికి కిరాణా వ్యాపారి, చెవి మాత్రం అమోఘం. ఆయన్ని పంపించిన పండితుడు జూల్ జిలియెరోఁ. 1902 నుంచి 1910 మధ్య అచ్చయింది. రెండోది ఇటలీ, దక్షిణ స్విట్జర్లాండ్‌లది, యాబెర్గ్, యూద్ అనే ఇద్దరు స్విస్ పండితులు 1928 నుంచి 1940 దాకా 8 సంపుటాలుగా తెచ్చారు. అందులో ఒంటి భాగాలన్నీ మొదటి సంపుటంలోనే.

ఈ అట్లాసుల్లో మాటలని విడదీసి చూపే రంగుల్లేవు, గీతల్లేవు. ఊరి నంబరు పక్కన, ఆ ఊళ్లో అన్న మాట యథాతథంగా, అంతే. తీర్పు చదివేవాడిదే. నాకు ఆ పద్ధతి మీద గౌరవం పెరిగింది గానీ, పదిహేనేళ్ల కుర్రాడు గోడ ముందు అరనిమిషం కన్నా ఎక్కువ నిలబడడు. కాబట్టి రంగులు ఉంటాయి. మాట మాత్రం ప్రతి చుక్క పక్కనా పూర్తిగా రాస్తా.

ఆగస్టు, ఆడా మగా

చుక్క ఆకారం లింగాన్ని చెప్పాలి. స్త్రీలింగానికి గుండ్రం, పుంలింగానికి చతురస్రం. లాటిన్‌లో ఫ్రోన్స్ స్త్రీలింగం. ఇటలీ, స్పెయిన్, రొమేనియా గుండ్రం. ఫ్రాన్స్, కటలోనియా, రొమాన్ష్ చతురస్రం.

ఎందుకు మారింది అంటే నా ఊహ ఒకటుంది. వంతెన, కొండ, ఊట, ఈ మూడూ లాటిన్‌లో పుంలింగం. వాటితో ప్రాస కలిసే మాటని కూడా అదే గట్టున కట్టేసి ఉంటారు. అయినా ఈ ఊగిసలాట కొత్తది కాదు. క్రీస్తుకి ముందు 2వ శతాబ్దపు హాస్య నాటకకర్త కెకీలియుస్, పైకి నవ్వుతూ లోపల కుళ్లుకునే శత్రువుల గురించి రాస్తూ ‘నవ్వే నుదురు’లో నుదుటిని పుంలింగంగా వాడాడు. ఆ తర్వాత మూడు వందల ఏళ్లు దాటాక అవులుస్ గెల్లియుస్ అనే రోమన్ రచయిత, అది తప్పు కాదు, పాతవాళ్లు అలా కూడా అనేవారు, పాత రోమన్ రచయిత కాటో కూడా అన్నాడు అని సమర్థిస్తూ తన పుస్తకంలో ఏకంగా ఒక అధ్యాయమే రాసుకున్నాడు. రోమ్‌లోనూ వ్యాకరణం మాస్టార్లు ఊరుకోలేదన్నమాట.

ఇటాలియన్, స్పానిష్‌లలో ఇంకో తమాషా ఉంది. లా ఫ్రొంతె అంటే నుదురు, ఇల్ ఫ్రొంతె అంటే యుద్ధరంగం. లా ఫ్రెంతె నుదురు, ఎల్ ఫ్రెంతె యుద్ధరంగం. ముందున్న చిన్న మాట మారితే చాలు, మనిషి ముఖం నుంచి కందకాల్లోకి వెళ్లిపోతాం. రొమేనియన్ ఇంకా తెలివిగా రెండు మాటలే పెట్టుకుంది. నుదుటికి తాతలనాటి ఫ్రుంతె, యుద్ధానికి ఫ్రెంచి నుంచి తెచ్చుకున్న ఫ్రొంత్. ఫ్రెంచికి ఈ తేడాలేం పట్టవు, రెంటికీ ల్ ఫ్రోఁ ఒకటే.

చుక్కల మీద రెండు గుర్తులు పెట్టా: లోపల నుదురు, బయట అంచుకి యుద్ధం. మాడ్రిడ్ చుక్క లోపల గుండ్రం, బయట చతురస్రం. కుర్రాళ్లకి ఇదే ఎక్కువ నచ్చుతుందని నా అంచనా.

ఆగస్టు, పోర్చుగల్

మ్యాపు మొత్తంలో నాకు ఇష్టమైన మూల ఇదే. పోర్చుగీసు నిఘంటువులో ఫ్రొంతె ఉంది. కానీ అది కవిత్వంలో మాట, కణతకి కూడా అదే వాడతారు. మామూలు మనిషి నుదుటిని తెస్త అంటాడు. లిస్బన్‌లో ఉన్న మా వదినకి ఫోన్ చేశా.

“వదినా, మీ దగ్గర నుదుటిని ఏమంటారండీ?”

“తెష్త అంటారు. మొన్న బాబు స్కూల్లో పడితే టీచరమ్మ ఫోన్ చేసింది, తెష్త మీద బొప్పి కట్టింది అని. నేనేదో టెస్ట్ అనుకుని, పరీక్షలో ఏమైందోనని టెన్షన్ పడ్డా.”

“ఫ్రొంతె అనరా?”

“నాకైతే ఎవరి నోటా వినపళ్లేదు. ఫ్రెఁత్ మాత్రం రోజూ వింటా, బస్సులో ముందుకి జరగమనడానికి. నీకు ఇవన్నీ ఎందుకయ్యా?”

మా వదిన చెవి మంచిదే. త ముందున్న స ని లిస్బన్‌లో ష లా పలుకుతారు, సావో పౌలోలో తెస్త అనే అంటారు. రెంటినీ అలాగే వేశా. ఆవిడ బస్సులో వినే ఫ్రెఁత్, అంటే ముందువైపు అనే మాట, స్పానిష్ ఫ్రెంతె నుంచి అరువొచ్చింది. సొంత నుదుటి మాట పుస్తకాల్లోకి వెళ్లిపోయింది, పక్కింటి నుదురు వచ్చి ‘ముందు’ అయింది, నుదుటి కుర్చీలో తెస్త కూర్చుంది.

ఈ తెస్త ఎవరంటే, లాటిన్‌లో మట్టి కుండ, కుండ పెంకు. రోమ్ నగరంలో మొంతె తెస్తాచ్చొ అని ఒక గుట్ట ఉంది. 35 మీటర్ల ఎత్తు, ఒక్క రాయి లేదు, అంతా పగిలిన జాడీల పెంకులు. స్పెయిన్ దక్షిణం నుంచీ, ఉత్తర ఆఫ్రికా నుంచీ ఓడల్లో ఆలివ్ నూనె వచ్చిన జాడీలని, నూనె ఒంపుకున్నాక అక్కడ పగలగొట్టి వరుసగా పేర్చారు. ఆ గుట్ట పేరులో ఉన్న తెస్తా, లిస్బన్ బాబు బొప్పి కట్టిన తెష్తా ఒకటే మాట.

కుండ తల ఎలా అయిందంటే, మనకి బుర్ర అయినట్టే. సొరకాయ బుర్ర, తంబురా బుర్ర ఉన్నాయి, ‘బుర్ర ఉందా నీకు’ కూడా ఉంది. రోమన్లు వీధిలో సరదాకి తలని పెంకు అన్నారు. ఇటలీలో, ఫ్రాన్సులో ఆ సరదా మాటే గద్దెనెక్కి తెస్త, తెత్ అని అసలు తలే అయిపోయింది. రొమేనియాలో త్స్యాస్త అంటే పుర్రె. స్పెయిన్‌లో తలకి కబేస అనే మాట స్థిరపడి, తెస్త పక్కకి జరిగింది. మొండివాణ్ణి తెస్తరూదొ అనడంలో మాత్రం గట్టిగా ఉంది. పోర్చుగల్‌లో తల నుంచి కిందికి జారి నుదుటి దగ్గర ఆగింది. పైనున్న గలీసియాలో ఫ్రొంతె, తెస్త రెండూ నడుస్తున్నాయి, కాబట్టి శాంతియాగో చుక్కని సగం సగం రంగులతో వేశా.

సెప్టెంబరు, పక్క పెట్టెలు

మ్యాపుకి కుడివైపు ఖాళీ ఉంది, మధ్యధరా సముద్రం కింద ఇంకాస్త ఉంది. అక్కడ చిన్న చిన్న పెట్టెల్లో ఈ మాట ఒంటి నుంచి ఎక్కడెక్కడికి నడిచిందో రాయాలి. రాసి కొట్టేసి, చివరికి మిగిల్చినవి ఇవి.

సిగ్గు. రోమన్లకి సిగ్గు కనిపించేది నుదుటి మీద. ఎర్రబడ్డ నుదుటిని చేత్తో రుద్దేసుకున్నాడు అంటే సిగ్గు వదిలేశాడని. ఫ్రెంచిలో ‘వాడికి ఆ నుదురుంది’ అంటే ఇప్పటికీ ‘ఎంత తెగింపు’ అనే. నుదురు లేనివాడు కూడా సిగ్గులేనివాడే: ఫ్రెంచిలో ఎఫ్రోఁతే, ఇటాలియన్‌లో స్ఫ్రొంతాతొ. ఉన్నా తిట్టే, లేకపోయినా తిట్టే.

చెమట. బైబిల్ మొదటి పుస్తకంలో ఆదాముకి పడిన శిక్ష మన తెలుగు బైబిల్లో ‘నీ ముఖపు చెమట కార్చి’ అని ఉంటుంది. లాటిన్ బైబిల్లో కూడా ముఖమే. కానీ స్పెయిన్, ఫ్రాన్స్, ఇటలీ, రొమేనియా జనం సామెతగా అనేటప్పుడు అందరూ నుదుటి చెమట అంటారు. పోర్చుగీసువాళ్లు ముఖపు చెమటతో ఆగిపోయారు. నుదుటికి గద్యంలో బలమైన మాట లేకపోతే సామెత కూడా అటు తిరగదేమో. ఇది నా అనుమానం, పెట్టెలో ప్రశ్నార్థకంతో వేశా.

రాత. దీని మీద చాలాసేపు కూర్చున్నా. మన నుదుటి రాత బ్రహ్మ రాసింది, ఎవరికీ కనపడదు, ఎవరూ చదవలేరు. ఇటలీలో ‘వాడి నుదుటి మీద రాసుంది’ అంటే దానికి పూర్తిగా తిరగబడ్డ అర్థం, అంటే వాడి సంగతి చూడగానే ఎవరికైనా తెలిసిపోతుందని. స్పానిష్‌లోనూ అంతే. రోమ్‌లో అది ఉత్త మాట కూడా కాదు. పారిపోయి దొరికిన బానిసల నుదుటి మీద నిజంగానే అక్షరాలు గుర్తు వేసేవారు. 4వ శతాబ్దం మొదట్లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి, గనులకో గ్లాడియేటర్ ఆటలకో శిక్షపడ్డవాళ్లకి ముఖం మీద గుర్తులు వద్దు, చేతుల మీద, పిక్కల మీద వేయండి అని చట్టం చేశాడు. దైవసౌందర్యానికి పోలికగా ఉన్న ముఖాన్ని పాడు చెయ్యకూడదని కారణం. పిక్కల సంగతి ఆయనకి పట్టినట్టు లేదు.

పొలిమేర. ముందువైపు అనే అర్థం నుంచి, శత్రువుకి ఎదురుగా ఉన్న నేల. స్పానిష్ ఫ్రొంతేర. దక్షిణ స్పెయిన్‌లో హెరెస్ దె లా ఫ్రొంతేర, ఆర్కోస్ దె లా ఫ్రొంతేర, వెహెర్ దె లా ఫ్రొంతేర అని ఊళ్ల పేర్లున్నాయి. ఒకప్పుడు క్రైస్తవ రాజ్యానికీ గ్రనాడా ముస్లిం రాజ్యానికీ మధ్య సరిహద్దు అది. 1492 జనవరిలో గ్రనాడా పడిపోయింది, సరిహద్దు పోయింది, ఊళ్ల పేర్లు ఉన్నాయి. ఇదే మాట ఫ్రెంచి నుంచి ఇంగ్లీషుకి ఎక్కి మన దేశానికొచ్చింది. ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్‌ని మనం సరిహద్దు గాంధీ అంటాం, ఇంగ్లీషులో ఆ సరిహద్దు ఫ్రాంటియరే.

కూటమి. సైన్యం ముందు వరస అనే అర్థం నుంచి రాజకీయంలోకి. 1936 ఫిబ్రవరిలో స్పెయిన్‌లో, మే నెలలో ఫ్రాన్స్‌లో పాపులర్ ఫ్రంట్‌లు ఎన్నికలు గెలిచాయి. 1948లో ఇటలీలో ఓడిపోయిన వామపక్ష ఫ్రంట్ గుర్తు గరిబాల్ది తల, నుదురుతో సహా. 1988లో ఎన్టీఆర్ అధ్యక్షుడిగా నేషనల్ ఫ్రంట్, 1996లో చంద్రబాబు కన్వీనర్‌గా యునైటెడ్ ఫ్రంట్. మన పేపర్లలో ట తో అచ్చయిన ఆ ఫ్రంట్ ఈ నుదురే. తెలుగు పాఠకుడికి మ్యాపులోకి దారి ఇదే కాబట్టి ఈ పెట్టెని అన్నిటికన్నా పైన పెట్టా.

కొట్టేసినవి: పెలోతా ఆటలో బంతి కొట్టే గోడ, సైనస్ ఎక్స్‌రే, గుడి ముందుభాగం. చోటు లేదు.

అక్టోబరు, అచ్చు

మ్యాపు క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో కట్టా. సరిహద్దు గీతలకి నేచురల్ ఎర్త్ డేటా, ఉచితం. యూరప్ పైకి సాగిపోకుండా లాంబర్ట్ ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని కాగితం మీద పరిచే ఒక పద్ధతి). దేశాల సరిహద్దులని బాగా పలచగా ఉంచా, ఎందుకంటే భాషలు వాటిని ఖాతరు చెయ్యవు. పెట్టెలు, బొమ్మలు ఇంక్‌స్కేప్ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో.

డీటీపీ షాపులో ఫైలు తెరవగానే సున్నలన్నీ చుక్కల గుండ్రాలు వేసుకుని విడిపోయాయి. వాళ్ల పాత సాఫ్ట్‌వేర్‌కి యూనికోడ్ పడదు, అక్కడ తెలుగంతా పాత ఫాంట్లలోనే. “సార్, ఇలా కాదు, కర్వ్స్ చేసి పీడీఎఫ్ తెండి, అప్పుడు నాకు అక్షరాలతో పనుండదు” అన్నాడు ఆపరేటర్. అక్షరాలన్నిటినీ బొమ్మలుగా మార్చేస్తే సరిపోయింది. అరసున్నని చూసి, “ఇదేంటి సార్, సున్న సగమే వచ్చింది, మళ్లీ చెక్ చేసుకోండి” అని ఆపాడు. అది అంతే బాబూ, వెయ్యి అన్నా. ఫ్లెక్స్ వద్దని మందపాటి ఆర్ట్ పేపర్ మీద తీయించా, ఫ్లెక్స్ మీద చిన్న అక్షరాలు అలుక్కుపోతాయి.

గోడకి ఎక్కింది. ముందు నిలబడ్డ పిల్లొకతి లిస్బన్ చుక్క దగ్గర వేలు పెట్టి, ఈ ఒక్కటే నీలం ఎందుకుందండీ అని అడిగింది. కుండ పెంకు సంగతి చెప్పా. పక్కనున్నవాడు అయితే స్పానిష్‌లో మోకాలు కూడా ఇలాగే వేరేగా ఉంటుంది కదా అన్నాడు. నిజమే. మోకాలుకి ఫ్రాన్స్, ఇటలీ, పోర్చుగల్, రొమేనియా అన్నీ లాటిన్ గెనుకులుమ్ నుంచి వచ్చిన మాటలే వాడతాయి, స్పెయిన్ మాత్రం చిన్న చక్రం అనే అర్థమున్న రొదీయ వాడుతుంది. పాత మాట ఇనొహొస్ అక్కడ మోకరిల్లడం గురించి చెప్పే ఒక్క పలుకుబడిలోనే ఉంది. తర్వాతి షీటుకి స్ప్రెడ్‌షీట్ తెరిచా. ఊళ్లు, అక్షాంశాలు అవే, మాటల గడులు మాత్రం ఖాళీ చేశా.